ఎముకలత్త పంది

మ్యూజియం వెనక గదిలో సూదితో రాయి గీకి, ఎప్పుడో అంతరించిన జంతువుల ఎముకలు బయటికి తీయడం ఎముకలత్త పని. ఆ మాటెత్తితేనే తోడికోడళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. ఆమె తీసిన ఎముకల్లో కొత్త జాతిగా తేలిన ఒక కోరల పందికి మ్యూజియం ప్రొఫెసరు ఆమె పేరు పెట్టగానే వాళ్లే ఊరంతా చాటారు. ఎముకలత్త కాళ్లు నేల మీద ఆనలేదు.

మరుసటి ఏడాది ఒక పిల్ల పంది దవడ వచ్చింది. ఆమె ఎప్పటిలాగే ఒళ్లు దగ్గర పెట్టుకుని గీకింది. పైన పాలపళ్లు కనిపించాయి. అవి ప్రొఫెసరు ఏనాడో తన కుక్క పేరు పెట్టిన బుల్లి పందివి. వాటి కింద మొలుస్తున్న పెద్ద పళ్లు ఎముకలత్త పందివి. అంటే బుల్లి పంది పెరిగితే కోరల పందే, రెండు జాతులూ ఒకటే.

"భలే తీశావమ్మా! ఏమనుకోకు, ముందు పెట్టిన పేరే ఉండాలి, అది రూలు" అన్నాడు ప్రొఫెసరు.

"మరి నా పేరండీ?"

"కొట్టేస్తాం. పంది ముందున్న పేరు బోర్డు కూడా నువ్వే మార్చెయ్యి, నీ చెయ్యి నీటు."

ఆమె అదే సూదితో తన పేరు గీకేసి, ఆ చోట పాత పేరు రాసింది.

ఆదివారం తోడికోడళ్లు చుట్టాలను వెంటేసుకుని వచ్చారు. "ఇదెవరి పేరక్కా?" అంది చిన్నామె, బోర్డు చూసి.

ఎముకలత్త నోరు విప్పేలోపే, అటుగా పోతున్న ప్రొఫెసరు మురిపెంగా చెప్పాడు.

"మా కుక్కదమ్మా."