మస్తాన్ బాబాయ్‌తో పెట్టించిన సంతకం

తొమ్మిదేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు. పెళ్లయ్యాక ఆయనకూ చెప్పలేదు. ఇప్పుడు అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో మాచర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, హెచ్.ఆర్. ఆఫీసులో పనిచేసేదాన్ని. ఇంకా పర్మినెంటు కాలేదు. మస్తాన్ బాబాయ్ అక్కడే ఫిట్టరు. మా వీధి మనిషి. నాన్న పోయాక మా ఇంట్లో మోటారు చెడినా, ఫ్యాను ఆగినా ఆయనే వచ్చి బాగుచేసేవాడు. కంపెనీ బస్సులో నాకోసం ముందు సీటు మీద తన క్యారేజీ పెట్టి ఉంచేవాడు.

ఆయనకు వెన్నులో నరం నొక్కుకుపోయింది. మొదట కాళ్లు తిమ్మిరన్నాడు. తర్వాత నిచ్చెన ఎక్కలేకపోయాడు. గుంటూరులో ఆపరేషన్ అయ్యాక కూడా గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయాడు. సెలవులన్నీ అయిపోయాయి. మంచం పట్టి నాలుగో నెల.

మా కంపెనీ పర్మినెంటు ఉద్యోగులందరి పేరా ఒక బీమా కట్టేది. జబ్బువల్ల గానీ ప్రమాదంవల్ల గానీ ఆరు నెలలు దాటినా పనిచేయలేనివాళ్లకు, రిటైరయ్యే వయసు దాకా జీతంలో కొంత భాగం నెలనెలా వచ్చే బీమా. జబ్బు ఫ్యాక్టరీలోనే రావాలని లేదు. డాక్టరు రాసివ్వాలి, కంపెనీ ఫారం నింపి పంపాలి, ఆ ఆరు నెలలూ మనిషి ఉద్యోగంలో ఉండాలి. అంతే. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాలు నా బీరువాలోనే ఉండేవి. పనివాళ్లలో ఒక్కరికీ దాని సంగతి తెలియదు. చెప్పాల్సింది మేమే.

మేనేజరు ఒకరోజు పిలిచి, క్లెయిములు పెరిగితే వచ్చే ఏడు ప్రీమియం పెంచుతారన్నాడు. మస్తాన్ చేత రాజీనామా పెట్టించి పీఎఫ్ త్వరగా వచ్చేట్టు చూడమన్నాడు. నేను లేచి వస్తుంటే, నా పర్మినెంటు కాగితం తన బల్లమీదే ఉందని కూడా అన్నాడు. అబద్ధం చెప్పమని మాత్రం అనలేదు. తప్పంతా ఆయన మీదికి నెట్టేద్దామని ఇన్నేళ్లూ చూశాను. అది అక్కడ నిలవదు.

మర్నాడు బాబాయ్ ఆటోలో వచ్చాడు, భార్య కరీమూన్ పిన్ని భుజం పట్టుకుని. కుర్చీ వేశాను. రాజీనామా కాగితం ముందు పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, నాకీ ఇంగ్లీషు తెలవదు. ఇట్టా మంచాన పడ్డోళ్లకి కంపెనీ నుంచి ఇంకేమన్నా ఉంటదా? మా తోడల్లుడు ఏదో ఉంటదంటన్నాడు."

"ఏం లేదు బాబాయ్. ఉంటే నేను చెప్పనా?"

"నువ్వెందుకు చెప్పవులే. సంతకం ఏడ పెట్టమంటావు?"

వేలితో చూపించాను.

లేదు అన్నంతవరకూ అది భయమే అనుకుందాం. మరి ఆ రెండో మాట? అది ఎవరూ అనమనలేదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ మా ఇంటికి వచ్చిపోయే మనిషి నన్ను నమ్ముతాడని తెలిసి, ఆ నమ్మకాన్ని వాడుకోవడానికే అన్నాను. ఏ భయం పేరు చెప్పి దాన్ని కప్పుకోను?

నేను పర్మినెంటయ్యాను. వాళ్లమ్మాయి షాహీనా నర్సింగు రెండో ఏడు మానేసి బట్టల కొట్లో చేరింది. పిన్ని మిరపకాయల తొడాలు తీసే కూలికి పోయేది.

రెండేళ్ల తర్వాత మా ఆఫీసులోనే ఒక అధికారికి పక్షవాతం వచ్చింది. చదువుకున్నవాడు, బీమా సంగతి తెలిసినవాడు. భార్యను పంపి అడిగించాడు. ఫారం నేనే నింపాను. అరగంట పట్టింది. ఆయనకు నెలనెలా డబ్బు రావడం మొదలైంది. మేనేజరు ఏమీ అనలేదు. ఆ రోజే బీమావాళ్లకు ఫోన్ చేసి, పేరు చెప్పకుండా, రాజీనామా చేసిన మనిషి పాత కేసు ఇప్పుడు పెట్టవచ్చా అని అడిగాను. గడువు దాటిపోయిందన్నారు, పైగా మనిషి తనంతట తానే మానేశాడు కదా అన్నారు. ఫోన్ పెట్టేశాక కాస్త తేలికపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. సాయం చేయడానికే అడిగానా, కుదరదని వాళ్ల నోట వినడానికా?

పెళ్లయి నరసరావుపేట వచ్చేశాక, ఒకసారి చెప్పేద్దామనే మాచర్ల వెళ్లాను. బాబాయ్ మంచంమీద కూర్చుని ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. పక్కింటామెకు నన్ను చూపించి, తన పీఎఫ్ నెలలోపే ఇప్పించిన పిల్ల అని చెప్పాడు. పిన్ని టీ ఇచ్చింది. తాగాను. వచ్చేశాను.

పోయిన వేసవిలో ఆయన పోయాడు. వీపున పుండ్లు పడి, అవి మానక. నేను వెళ్లి పిన్ని పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నోరూ విప్పలేదు.

పిన్నికి చెప్పాలి. చెబుతానో లేదో తెలియదు. చెబితే క్షమిస్తుందేమోనన్న భయం కూడా ఉంది. ఆ క్షమ తీసుకునే మొహం నాకు లేదు. ఈ కాగితం మీద మాత్రం తప్పించుకోకుండా రాస్తున్నాను. మస్తాన్ బాబాయ్‌కి ఆ బీమా వచ్చేది. నాకు తెలుసు. తెలిసే ఆయనకు దక్కకుండా చేశాను. ఇంతకాలం లోపలే నలిగిన మాట బయటికొచ్చింది. అంతవరకే ఊపిరాడుతోంది.