ఒకే మడిలో రెండు వడ్లు

మొన్న మా మనవడు రైతుల కేంద్రం నుంచి వరి విత్తనాల సంచి తెచ్చి, ఎన్నాళ్ళకు కోతకొస్తుందో దానిమీదే అచ్చేసి ఉందని చదివి వినిపిస్తే, సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఆ ఒక్క ముక్క ఆనాడు మాకెవరూ చెప్పలేదే!

యుద్ధకాలమది, బియ్యానికి రేషను వచ్చిన రోజులు నా ఈడువాళ్ళు మరిచి ఉండరు. చంద్రగిరి దగ్గర మా పల్లెలో గవర్నమెంటు విత్తనాల డిపోవాళ్ళు కొత్తరకం వడ్లు ముందుగా మా నాయన ఒక్కడికే ఇచ్చారు. పండితే మరుసటేడు ఊరందరికీ ఇస్తామన్నారు. అప్పటికే మడక పట్టి దున్నే పని నా చేతికొచ్చింది. ఇంటి విత్తనం తెగిపోకూడదని మా అవ్వ పట్టు, డిపో వడ్లు వదలకూడదని నాయన ఆశ, ఉన్నదేమో ఒక్కటే మడి. ఇద్దరి మాటా దక్కాలని నాయన రెండు వడ్లనూ కలిపి నానబెట్టించాడు. కలిపిన చేతులు నావే.

కొత్తవి ముందే పండాయి, పాతవి ఇంకా పాలకంకి మీదే ఉన్నాయి. కోస్తే పచ్చివి పోతాయి, ఆగితే పండినవి రాలిపోతాయి. నాయన రోజూ కొడవలి పట్టుకుని గట్టుదాకా వెళ్ళి, మడిలో దిగకుండానే తిరిగొచ్చేవాడు.

"ఏం బావా, ఆ మడి నీకేమన్నా సుట్టమా? దినామూ పోయి పలకరించొస్తా ఉండావే!" అని పక్క మడి మామ ఎగతాళి. చివరికి కోసేనాటికి సగం పంట నేలపాలు.

డిపో ఆఫీసరు సైకిలు మీద వచ్చి, రాలిన గింజల్ని గట్టు మీంచే చూసి, అంతా మా విత్తనమేనా అని అడిగాడు.

"అంతా మీదే సామీ, ఇంకేముండాది!" అన్నాడు నాయన. కలిపామంటే మళ్ళీ ఇవ్వరని భయం. నేను నోరు తెరవబోతే కాలు తొక్కాడు. ఈ నేలకు ఈ రకం పనికిరాదని ఆ మహానుభావుడు పుస్తకంలో రాసుకుపోయాడు. మరుసటేడు మా ఊరికి గింజ రాలేదు. ఏటి అవతల పల్లెవాళ్ళు అవే వడ్లతో గాదెలు నింపుకుంటే, మేమూ మామవాళ్ళూ వాళ్ళ కళ్ళాల్లో కూలికి పోయి నూర్చి వచ్చాం.

తప్పు అవ్వదా, నాయనదా, గట్టు దిగని ఆఫీసరుదా, నోరు మూసుకున్న నాదా? నాకిప్పటికీ తేలలేదు. ఇప్పటి ఆఫీసర్లు బురదలో దిగి, వరి వెన్ను చేత్తో పట్టి, ఏం చల్లావు, ఏం కలిపావు అని అడుగుతున్నారు. మా పిల్లలూ దాచకుండా చెప్పేస్తున్నారు. పక్కన కూర్చుని వింటుంటే నాకంతా అయోమయంగా ఉంటుంది. చెప్పడం ఇంత తేలికైన పనైతే, ఆ రోజు మా నాయన గొంతుకు ఏం అడ్డుపడిందో!