రంగు తిరిగిన తెర

గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఏ రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో ఆ వివరాలకు రోజూ బ్యాకప్ తీయాలి. అది సరిగ్గా జరుగుతోందో లేదో కనిపెట్టడానికి ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టి, దాని తెరను గుమాస్తాగారి బల్ల ఎదురుగా గోడకు బిగించాను. తేడా వస్తే ఫోన్ చేయమని ఆయనకు చెప్పి, సెలవు పెట్టి చీరాల వెళ్ళాను.

నాలుగు రోజుల తర్వాత వచ్చి చూస్తే తెరంతా ఎర్రగా ఉంది. డిస్కు నిండిపోయి, నేను వెళ్ళిన మర్నాడే బ్యాకప్ ఆగిపోయింది.

"ఫోన్ చేయమన్నాను కదండీ!" అని అరిచాను.

"ఎందుకండీ అరుస్తారు? మొదటిరోజు ఆకుపచ్చగా ఉంటే నేనే కంగారుపడ్డా. మర్నాటికి రంగు తిరిగింది, ఇక ఫర్వాలేదనుకున్నా" అన్నారు గుమాస్తాగారు.

ముప్పై ఏళ్ళుగా మిరపకాయలు చూసిన కళ్ళతో వాదించే ఓపిక లేక రంగులు తిరగేశాను. బాగుంటే ఎరుపు, చెడితే ఆకుపచ్చ. నెల తిరక్కుండా నాకూ అదే అలవాటైంది.

ఒకరోజు బస్టాండు దగ్గర సిగ్నల్ పడితే హాయిగా బండి ముందుకు పోనిచ్చాను. కానిస్టేబుల్ ఆపాడు.

"ఏమయ్యా, ఎర్రలైటు కనబడలేదా?"

"కనబడబట్టే వచ్చానండీ" అన్నాను.