రాజం అడిగిన చిరుతల గల్లు

సగం ఆయుష్షు భివండి మరమగ్గాల మీద అరగదీసి సిద్దిపేటకు తిరిగొచ్చిన రాజానికి ఒకటే యావ, చిరుతల గల్లు వినాలని. వయసులో ఉన్నప్పుడు కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిరుతలు పట్టి ఆడినవాడు. ఆ కర్రలకున్న ఇత్తడి బిళ్లలు గల్లుమంటే తప్ప పాట పాటనిపించేది కాదాయనకు.

ఊరి చిరుతల బృందం పాట ఫోన్‌లో ఉంది. ఇంట్లోని బొంగురు స్పీకరు డబ్బాకు తగిలిస్తే డోలు, గొంతు వినిపించేవి. గల్లు లేదు. "గీ డబ్బనే మింగుతుంది. మంచి ఆంప్లిఫయర్ కొనాలె" అన్నాడు. భార్య ఎల్లవ్వకూ అందులో సరిగ్గా వినబడలేదు గనుక సరేనంది. పక్కవాడి పెదవులు చూసి మాట అర్థం చేసుకోవాల్సిన మగ్గాల రొదలో అన్నేళ్లు బతికినవాడు తన చెవులను అనుమానించవద్దా? అనుమానించలేదు. మనిషికి తన చెవుల మీదున్న నమ్మకం కట్టుకున్నదాని మీద కూడా ఉండదు.

దుకాణం యజమాని రాజేంద్రప్రసాద్ ముందు చిన్న ఆంప్లిఫయర్‌కు పాట పెట్టాడు. ఎల్లవ్వకు గల్లుగల్లున వినబడింది. సంబరంగా మొగుడి మొహం చూసింది. అక్కడ ఏ సంబరమూ లేదు.

"గిది గాదు సేటూ. గా పెద్దది పెట్టు."

నాలుగింతల ధరదానికి అవే స్పీకర్లు తగిలించాడు. డోలు కాస్త నిండుగా మోగింది. రాజం కళ్లు మూసుకుని విన్నాడు. "ఇంకా పెద్దది లేదా?"

"ఉన్నది కాకా. గని మీ ఇంటికి చిన్నదే సాలు. పైసలు పెంచితే పాటల లేనిది రాదు."

"పాటల ఉన్నదే అడుగుతున్న!" అని కసిరాడు రాజం.

ఎల్లవ్వ ప్రాణం ఉసూరుమంది. చెప్పక తప్పదు. భివండిలోలా ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా అంది: "రెండిట్ల చిరుతలు ఇనవడుతున్నయి. నాకు."

ఆ చివరి మాటకు రాజం చెయ్యి తన చెవి మీదికి పోయింది. చిన్నదే కట్టించుకున్నాడు.

ఇంట్లో పాట పెట్టి, ఎల్లవ్వ ముందు అరచెయ్యి చాపాడు. గల్లుమన్నప్పుడల్లా ఎల్లవ్వ అందులో వేలితో కొట్టింది.

"తప్పినవ్. గీడ రెండు దెబ్బలు" అన్నాడు రాజం, డోలు వింటూ పాత అడుగులు గుర్తు చేసుకుని.

ఆమె మళ్లీ పెట్టి వింది. నిజంగానే రెండు.

"గల్లుమన్నదా?" అని ఆశగా అడిగాడు.

"అన్నది."

"ఇంకోపారి పెట్టు."