అసలు కోర్టులో, నకలు ఖబూరాలో

విడాకులు తీసుకోవడం కన్నా, తీసుకున్నామని రుజువు చేసుకోవడమే కష్టమని నాకు యాభై దగ్గరపడ్డాక తెలిసింది.

మస్కట్ పక్కన అల్ హైల్‌లోని మా అల్యూమినియం వర్క్‌షాపులో కిటికీ ఫ్రేములు కోయిస్తుండగా ఫోన్ వచ్చింది. అవతల మా బామ్మర్ది. నిజానికి అతను ఇప్పుడు నాకు ఏమీ కాడు. వాళ్ళక్కకూ నాకూ విడాకులై చాలా ఏళ్ళయింది. అయినా అతను 'బావా' అనడం మానలేదు, నేను పలకడం మానలేదు. మొగుడూ పెళ్ళాలను విడగొట్టడానికి చట్టం ఉంది గానీ బావాబామ్మర్దులను విడగొట్టే సెక్షను ఇంకా రాలేదు.

"బావా, డ్యూటీల ఉన్నవా?"

"ఉన్న. చెప్పు."

"అక్కకు సంబంధం కుదిరింది."

మిషను ఆపమని సైగ చేసి బయటికొచ్చాను.

"పిలగాడు మంచోడు బావా. పిలగాడంటే నలభై దాటినయ్ గని, పెండ్లికొడుకును పిలగాడనే అంటం గద. మొదటామె జబ్బుచేసి సచ్చిపోయింది. మీ ఒమాన్లనే ఉంటడు, ఖబూరాల. బోరు మోటర్లు బాగుచేసే షాపుల పని."

"మంచిదే గద మరి."

"మంచిదే. గని వాళ్ళన్న అడ్డంబడ్డడు. ఆమెకు ఇడుపు కాలేదు, మొగడు గల్ఫుల ఉండంగనే ఇల్లిడిసి పోయింది, మస్కట్ల అందరికెరుకే అంటుండు. కోర్టు కాయితం చూపెడితెనే పెండ్లంట. పిలగాని లీవు కూడ మంజూరైంది. ఈ ముచ్చట అక్కడ ఏ బాడ్కావు పుట్టిచ్చిండో తెలుస్తలేదు బావా, దొరికితే నాలిక కోస్త."

నా నాలిక నోట్లోనే ఒక పక్కకు సర్దుకుంది. ఆ ముచ్చట పుట్టించింది నేనే.

జరిగింది ఇది. పెళ్ళయ్యాక నేను ఒమాన్ వచ్చాను. ఏటా వస్తానని చెప్పి, రాలేదు. ఒకసారి ఓవర్‌టైమ్ అన్నాను, ఒకసారి కంపెనీ పాస్‌పోర్టు ఇవ్వలేదన్నాను. కంపెనీ ఇచ్చింది, నేనే వెళ్ళలేదు. ఇక్కడ నలుగురితో వంట, శుక్రవారం పేకాట, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని బతుకు నాకు హాయిగా ఉండేది. చివరికి ఆమె ఫోన్లో, "ఉంటె వచ్చి ఉండు, లేకుంటె నన్ను ఇడిచిపెట్టు. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు" అంది. ఏడవలేదు, తిట్టలేదు. ఇద్దరం ఒప్పుకుని కోర్టులో వేశాం. అలాంటి కేసులో వేసినప్పుడొకసారి, మళ్ళీ కొన్ని నెలలకొకసారి జడ్జి ముందు నిలబడాలి. ఆమె కోసం దొరకని లీవు కోర్టు కోసం రెండుసార్లు దొరికింది.

తిరిగొచ్చాక రూమ్‌లో వాళ్ళు ఏమైందని అడిగారు. విడాకులయ్యాయంటే ఎందుకయ్యాయని అడుగుతారు. అందుకని, "పోయిందన్నా. ఇడుపు గూడ కాలే, గట్లనే పోయింది" అన్నాను. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. చాయ్ పోశారు. ఒకతనైతే వారం రోజులు నా బట్టలు కూడా ఉతికాడు. గల్ఫులో ఆ కథకు సాక్ష్యం అడిగేవాడు లేడు. ఆ రూమ్‌లోంచి చాలామంది సలాలాకు, సొహార్‌కు, ఇళ్ళకు వెళ్ళిపోయారు. నా మాటా వాళ్ళతో వెళ్ళింది. తిరిగి తిరిగి ఇన్నేళ్ళకు ఆమె పెళ్ళికి అడ్డంగా వచ్చి కూర్చుంది.

బామ్మర్దికి ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. "కాయితం నేను తెప్పిస్త" అని మాత్రం అన్నాను.

అప్పట్లో ఇద్దరికీ చెరొక కాపీ ఇచ్చారు. నాది రూములు మారడంలో పోయింది, ఆమెది చెదలు తిన్నాయి. వకీలు ప్రాక్టీసు మానేసి కోళ్ళఫారం పెట్టుకున్నాడట. కేసు నంబరు ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడన్నీ ఫోన్లోనే వెతకొచ్చని బామ్మర్ది చెబితే, మధ్యాహ్నం అన్నం తిన్నాక కోర్టు వెబ్‌సైటు తెరిచి కూర్చున్నాను. రాష్ట్రం, జిల్లా, ఏడాది, పేరు. కింద వంకర అక్షరాలు చూపించి అవేమిటో రాయమంటుంది. కళ్ళజోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి రాశాను. నేను మనిషినేనని దానికి నమ్మకం కుదిరేసరికి చాయ్ చల్లారింది. తీరా చూస్తే ఆ పేరుతో కేసే లేదంది.

రెండురోజులు లేదనే అంది. బామ్మర్దికే తట్టింది. "బావా, నీ పేర్ల 'త' ఉన్నది గద. ఇంగ్లీషుల ఎట్ల రాసినవ్?"

"పాస్‌పోర్టుల ఉన్నట్టె. ఉత్త 'టి'."

"టైపు కొట్టినాయన మనోడే ఉంటడు. 'టి' పక్కకు 'హెచ్' పెట్టి చూడు."

పెట్టాను. మా ఇద్దరి పేర్లూ ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి, నడుమ 'వర్సెస్'. పెళ్ళిపత్రిక తర్వాత మా పేర్లు పక్కపక్కన చూడటం మళ్ళీ అదే. కేసు నంబరుంది, తీర్పు తేదీ ఉంది. దాని ఎదురుగా 'డిస్పోజ్డ్' అని ఉంది. స్క్రీన్‌షాట్ తీసి పంపిన వెంటనే ఫోన్ మోగింది.

"బావా! డిస్పోజ్డ్ అంటే ఏంది? పారేసిన్రా?"

"పారేసుడేంది?"

"మా హోటల్ల డిస్పోజబుల్ గ్లాసులు తాగి పారేసుడే గద!"

నాకూ అనుమానం వచ్చింది. మా ఇంజనీరును అడిగితే, కేసు ముగిసిందని అర్థమట. ఆ మాట చెప్పాక గానీ బామ్మర్ది ఊపిరి వినపడలేదు.

ఊళ్ళో బామ్మర్ది కోర్టుకు వెళ్తే మా కేసు కాగితాల కట్ట అక్కడ లేదన్నారు. జిల్లాలు విడగొట్టినప్పుడు మా మండలం కొత్త జిల్లాలోకి పోయింది, మా కట్టా దాని వెంట పోయింది. ఇద్దరు మనుషులు విడిపోయిన కాగితానికి ఆ జిల్లాతో కూడా విడాకులయ్యాయన్నమాట. కొత్త కోర్టులో నంబరు చూపిస్తే, ఆమె కూడా కేసులో పార్టీయే కాబట్టి నా సంతకంతో పనిలేదన్నారు. ఆమే దరఖాస్తు పెట్టుకుంది, స్టాంపులు అంటించింది, రికార్డు రూము నుంచి కట్ట దిగేదాకా తిరిగింది. ఒకరోజు పొద్దున బామ్మర్ది నుంచి ఫోటోలూ వాయిస్ మెసేజీ వచ్చాయి.

"బావా, నకలు వచ్చింది! పిలగానికి నువ్వే పంపు. ఒమాన్ నంబరు నుంచి పోతె నమ్ముతడు."

అలాగే పంపాను. "తమ్మీ, కోర్టు నుంచి నకలు వచ్చింది, చూసుకో" అని నా గొంతుతోనే చెప్పాను. కాసేపటికి పెళ్ళికొడుకు గొంతు వచ్చింది. మర్యాదగానే ఉంది గానీ బిగుసుకుని ఉంది.

"అన్నా, నకల్ది పంపినవేంది? అసల్ది లేదా?"

వెనకనుంచి ఇంకో పెద్ద గొంతు, "నకలీ మాలు మనకొద్దని చెప్పబ్బీ!"

నేను తొందరపడి ఇంకో తప్పు చేశాను. "నకలీ కాదు తమ్మీ, కాపీ. సర్టిఫైడ్ కాపీ" అన్నాను.

ఈసారి పెద్ద గొంతే నేరుగా వచ్చింది. "కాపీ అంటే ఇంకా అధ్వాన్నం గదబ్బా! కాపీ బేరింగేస్తే నెల్లో కూచుంటాది. మొన్ననే ఒక తోట యజమాని అర్బాబుతో తిట్లు తినింటిమి."

అప్పుడు వెలిగింది. మా ఊళ్ళో భూమి పహాణీ నకలు, కోర్టు నకలు అంటే చేతులు జోడించి తెచ్చుకునే కాగితాలు. స్పేర్‌పార్టుల వాళ్ళకు లోకంలో రెండే జాతులు, ఒరిజినల్, కాపీ. నకలన్నా కాపీ అన్నా దొంగసరుకే. నేను పంపింది వాళ్ళ లెక్కలో దొంగ విడాకులు. ఫోన్లో ఇంకొంచెం మాట్లాడితే పెళ్ళి పూర్తిగా చెడగొట్టేలా ఉన్నానని, శుక్రవారం ట్యాక్సీ పట్టుకుని ఖబూరా బయల్దేరాను.

షాపు ముందు విప్పిన మోటార్లు, వాటి పొట్టలోంచి లాగిన రాగితీగల చుట్టలు. పెద్ద గొంతు మనిషి షాపు మేస్త్రి, కడప ఆయన. అప్పుడే నమాజు నుంచి వచ్చి చేతులు తుడుచుకుంటున్నాడు. పెళ్ళికొడుకు ఆయన్ను చాచా అంటాడు. ఇక్కడ అతనికి పెద్దదిక్కు ఆయనే.

"నకలాయన నువ్వేనా? కూచో. భోంచేసినాకే పంచాయితీ" అన్నాడు చాచా.

ముగ్గురం చేపలకూరతో తిన్నాం. తర్వాత చాచా కళ్ళజోడు పెట్టుకుని ఫోన్లో ఫోటోలు పెద్దవి చేసి చూశాడు.

"సరే, ఇది నకలు. మరి అసలు యాడుంది?"

"కోర్టుల ఉంటది చాచా. అసలు ఎవ్వరికి ఇయ్యరు."

"ఎవరికీ ఇయ్యరా? అయితే మీ ఇడాకులు కోర్టు దగ్గరుండాయి, మీ కాడ లేవు!"

"మీ షాపుల మోటరుకు నంబరు ప్లేటు ఉంటది గద. అది కంపెనీ కొట్టిందా, బజార్ల కొట్టిందా మీరు ఎట్ల చెప్తరు?"

"అచ్చు చూసి. కంపెనీ అచ్చు మేం తడిమి చెప్తాం."

"ఇదీ గంతే. ఈ ముద్ర కోర్టుది, ఈ సంతకం కోర్టాయనది. నకలే, గని కంపెనీ నకలు."

చాచా ముద్రను ఇంకా పెద్దది చేసి, నవ్వి, ఫోన్ పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు. "కంపెనీదేలేబ్బీ. ఫిట్ చేసుకోవచ్చు."

అతను నవ్వలేదు. "కాయితం మంచిదే అన్నా. ఇద్దరు ఒప్పుకున్నరని ఉన్నది. మరి ఇల్లిడిసి పోయిందన్న మాట? అది ఈ కాయితంల లేదు. అవునని లేదు, కాదని లేదు. మా అన్న పట్టుకున్నది గదే."

నేను దారంతా భయపడింది ఆ ప్రశ్నకే. ఎంత పెద్ద ముద్ర వేసినా కోర్టు నకలు దానికి జవాబు చెప్పదు. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఆ మాట అన్నది నేనే తమ్మీ. అబద్ధం. ఆమె యాడికి పోలె. నేనే ఇంటికి పోలె. వస్తవా, ఇడిచిపెడ్తవా అని అడిగింది. నాకు రాబుద్ధి కాలె. ఆ మాట చెప్పుకోను సిగ్గయి, ఆమె మీద పెట్టిన."

 చాచా గడ్డం గోక్కున్నాడు.

"మోటారు కాలితే వాసనొస్తాది, మేం పట్టుకుంటాం. అబద్ధమాడితే నోరు కాలదు చూడు, అదీ కష్టం. ఎన్నేండ్లు మోసినావబ్బా దీన్ని?"

"నేను మొయ్యలె చాచా. ఆమె మోసింది."

పెళ్ళికొడుకు వాళ్ళన్నకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి నా ముందుంచాడు. "నాకు చెప్పింది మా అన్నకు చెప్పు."

"ఎవలు మాట్లాడేది?" అంది ఆ గొంతు.

చుట్టరికం ఏం చెప్పాలో తోచలేదు. "ఆమె మొదటి మొగణ్ణి" అన్నాను. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యలో ఆయన తిట్టాడు, మూటలకొద్దీ తిట్టాడు. వినవలసినవే కాబట్టి ఆపలేదు. చివరికి, "నీ అసుంటోని మాట పట్టుకొని మంచి పిల్లను వద్దంటి" అన్నాడు. అది నన్ను తిట్టడమో, తనను తిట్టుకోవడమో గానీ, ఆ తర్వాత మాట ముహూర్తం గురించి. చాచా గట్టిగా 'అల్‌హందులిల్లా' అని, ఆ సంతోషంలో నా వీపు మీద ఒకటి వేశాడు. దెబ్బలో కాస్త కోపం కూడా ఉంది.

ట్యాక్సీ దాకా పెళ్ళికొడుకు వచ్చాడు. కోపం పోయిందో లేదో తెలియదు గానీ, ఒక మాట అడగాలని తచ్చాడుతున్నాడు.

"అన్నా, ఆమెకు ఏం ఇష్టముంటది? తినేది గాని, ఏదన్న?"

ఎంత వెతుక్కున్నా నాకు తెలియలేదు. "నేనెన్నడు అడగలె తమ్మీ. నువ్వు అడుగు."

"అడిగిన. నవ్వుతది గని చెప్పది."

"నవ్వుతదంటే చెప్పినట్టే" అని ట్యాక్సీ ఎక్కాను. ఆమె నవ్వు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోబోయాను, సరిగ్గా రాలేదు.

దారిలో సువైక్ దాటాక బామ్మర్దికి నేనే ఫోన్ చేసి, అతను ఎవరి నాలిక కోస్తానన్నాడో ఆ మనిషి తన బావేనని చెప్పాను. అతను ఏదో అనేలోగా ఆ ఫోన్ ఎవరో లాక్కున్నట్టయింది. చాలా ఏళ్ళ తర్వాత ఆమె గొంతు.

"ఇదంత ఖబూరాకు పోయి చెప్పొచ్చినవట."

"చెప్పిన."

"అబద్ధమేమో అల్ హైల్ రూముల చెప్పినవ్, నిజమేమో ఖబూరాల చెప్పినవ్. నడుమ ఉన్నోళ్ళకు ఎవలు చెప్పాలె?"

పెట్టేసింది. గొంతులో కోపం లేదు. లెక్క అప్పగించినట్టుంది.

రూమ్‌కు వచ్చేసరికి ఇంకా పొద్దు గూకలేదు. శుక్రవారం కాబట్టి అందరూ ఉన్నారు. మటన్ పొయ్యి మీదుంది. అప్పుడు నాకు చాయ్ పోసినవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ నాతోనే ఉన్నారు. చెప్పులు విప్పకుండానే మొత్తం చెప్పాను. బట్టలు ఉతికినతను గరిటె పట్టుకుని వింటున్నాడు.

"అన్నా, వారం రోజులు నీ బనీన్లు పిండిన" అన్నాడు చివరికి.

"పిండినవ్."

"ఆ అక్క నంబరు ఉంటె ఇయ్యి. పెండ్లికి మా ఇంట్లోళ్ళను పంపుత. మన రూము తరుపున ఎవలన్న పోవాలె గద."

బామ్మర్ది నంబరు ఇచ్చాను. ఆ పూట నా పళ్ళెంలో అన్నం నిండుగానే పడింది, మటన్ ముక్కలు మాత్రం పడలేదు.  పులుసు బాగుందని చెప్పి, పూర్తిగా తిన్నాను.