తప్పామన్న కేక

జెనెట్ బెన్సన్‌కు ఇసుక అంటే భయం. ఈ మాట చెబితే మా తీరంలో ఇప్పటికీ నవ్వుతారు. ఆమె మొగుడు రోలండ్ చేసేది ఆ ఇసుక మీదుగా జనాన్ని దాటించే పనే మరి. కుమ్మరి పెళ్ళాం మట్టి ముట్టనన్నట్టుందని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమె ఎదుటే అనేవారు. జెనెట్ కూడా నవ్వేసేది. నవ్వినంత మాత్రాన భయం పోతుందా? రోలండ్ గుర్రమెక్కిన ప్రతి పూటా, అతను తిరిగి గుమ్మంలో కనబడేదాకా ఆమెకు రొట్టె ముక్క గొంతు దిగేది కాదు.

అది ఇంగ్లండులో జార్జి రాజుల కాలం. లాంకాస్టర్ నుంచి మా వైపు రావాలంటే కొండల వెంట చుట్టూ తిరగాలి, లేదా ఆటు సమయం చూసుకుని అఖాతాన్ని అడ్డంగా దాటాలి. నీళ్ళు వెనక్కి పోతే కనుచూపు మేరా ఇసుక పర్రే. పైకి రాతిబాటలా ఉంటుంది, కొన్నిచోట్ల మాత్రం గుర్రాన్ని అమాంతంగా మింగేస్తుంది. మధ్యలో కెంట్ నది. దానికి నిలకడ లేదు, నిన్న పారిన చోట ఇవాళ పారదు. అందుకే పోటు తీయగానే గైడు ముందుగా వెళ్ళి, చేతికర్రతో నేలను పొడిచి చూసి, గట్టిగా ఉన్నచోటల్లా ముళ్ళకొమ్మలు పాతి వస్తాడు. బళ్ళు ఆ కొమ్మల వెంట నడుస్తాయి.

జెనెట్ తండ్రి ఆ పర్ర మీద గుల్లలు ఏరుకుని బతికినవాడు. ఆమె చిన్నప్పుడే ఒకనాడు పొగమంచులో వెళ్ళి రాలేదు. గంప ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ‘ఎర్’ అయ్యాడు పాపం, అన్నారు ఊరివాళ్ళు. అప్పట్లో ఆ ఇంగ్లీషు మాటకు మా వాళ్ళ నోట దారి విడిచి తిరగడమనే అర్థం. మందలోంచి గొర్రె ఎర్ అయ్యేది, ఒడ్డు విడిచి నది ఎర్ అయ్యేది, మనిషీ అంతే. అందులో నింద లేదు. సంతలో బిడ్డ తప్పిపోతే అయ్యో అంటాం గాని, తప్పు చేసిందని అనం కదా. జెనెట్ తల్లి ఆ మాట చెప్పుకునే ఏడ్చింది, ఆ మాట చెప్పుకునే తేరుకుంది.

గైడ్లకు ఆ మాటతో ఒక కట్టుబాటు ఉండేది. ముందు నడిచే గైడుకు నేల మీద అనుమానం వస్తే చాలు, చెయ్యెత్తి ‘ఎర్’ మాటతోనే, అంటే ‘దారి తప్పాను’ అని, కేక వేసేవాడు. వెనకున్న బండివాళ్ళు ఎందుకని అడిగేవారు కాదు. అక్కడికక్కడే గుర్రాలను తిప్పి, తమ చక్రాల గాడి పట్టుకుని వెనక్కి పోయేవారు. ఊబి దగ్గర ఆగినా ముప్పే, పక్కకు పోయినా ముప్పే. వచ్చిన గాడి ఒక్కటే నమ్మకం. రోలండ్ తాత ఒక్క ప్రయాణంలోనే నాలుగైదుసార్లు కేక వేసేవాడట. “ముసలాయన మళ్ళీ తప్పాడర్రా” అని నవ్వుకుంటూ జనం బళ్ళు తిప్పేవారట. పెళ్ళయిన కొత్తలో రోలండూ అంతే. కేక వేస్తాడు కాబట్టే మొగుడు ఇంటికొస్తున్నాడని జెనెట్ నమ్మకం.

ఆ మాట ఎప్పుడు మారిందో ఎవరూ గమనించలేదు. చర్చిలో పాదిరి పాపుల గురించి చెబుతూ వాడాడు. బడిలో పంతులు లెక్క చెడగొట్టినవాడి చెవి మెలిపెడుతూ వాడాడు. పట్నంవాళ్ళ నోటికి వచ్చేసరికి అందులో తిరగడం పూర్తిగా పోయింది, తెలివితక్కువతనం మిగిలింది. రోలండ్ కేక వేస్తే కోచీ గుర్రబ్బండిలోని పెద్దమనుషులు తలలు బయటపెట్టి, “వీడికి దారి తెలీదా ఏంటి?” అనడం మొదలుపెట్టారు. ఒక దొరసాని అయితే పర్ర మధ్యలోనే ఏడుపు లంకించుకుంది.

చివరికి ఆ దాటింపును నడిపించే ఎస్టేటు మేనేజరు ఫెన్విక్ రోలండ్ ఇంటికొచ్చాడు. జెనెట్ అతనికి బీరు పోసి ఇచ్చింది.

“చూడు రోలండ్, మీ తాతలనాడు ఆ మాటకి ఏం అర్థముందో నాకు తెలుసు. కోచీలో కూచున్నవాళ్ళకి తెలీదు. గైడే నేను తప్పానని అరుస్తుంటే వాళ్ళు కొండదారి పట్టి పోతున్నారు. ఇంకోసారి ఆ కేక నా చెవిన పడిందంటే, ఈ ఇల్లూ ఈ పనీ ఇంకొకడికి ఇవ్వాల్సొస్తుంది.”

“అరవకపోతే బళ్ళెలా తిరుగుతాయండీ?” అంది జెనెట్.

“తిప్పే అవసరం రాకుండా చూసుకోమనే కదమ్మా మీ ఆయన్ని పెట్టుకుంది.”

ఆ చలికాలమంతా రోలండ్ కేక వేయలేదు. అనుమానం వస్తే, అసలు దారి ఇదేనన్నట్టు మెల్లగా పక్కకు మళ్ళి ముందుకు పోయేవాడు. ఈ సంగతి బండివాళ్ళ భార్యలు చెబితేనే జెనెట్‌కు తెలిసింది. మొగుణ్ణి అడగాలని నోటిదాకా వచ్చేది. ఏం జవాబు వస్తుందోనన్న భయంతో ఊరుకునేది.

వసంతం వచ్చింది. అత్తింట్లో చూసేవాళ్ళు లేక కాన్పుకు తల్లి దగ్గరికొచ్చిన కూతురు ఆలిస్, పసిపిల్లతో అవతలి ఒడ్డుకు తిరిగి వెళ్ళాలి. ఆలిస్‌కు ఇంకా నీరసం తీరలేదు. పిల్లను ఎత్తుకోవడానికి జెనెట్ కదలక తప్పలేదు. పెళ్ళయ్యాక ఆమె ఆ ఇసుక మీదికి రావడం అదే మొదలు.

“అమ్మా, నీ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. పిల్లని ఇటియ్యి,” అంది ఆలిస్ బండిలో.

“నువ్వు సరిగ్గా కూచో. నా చేతులెప్పుడూ ఇంతే.”

ముందు రోలండ్, తెల్ల గుర్రం మీద. అతని వెనక కోచీ, అందులో ఫెన్విక్, అతని అతిథి. అన్నిటికన్నా వెనక జెనెట్ వాళ్ళ బండి. దాన్ని తోలేది రోలండ్ తమ్ముడు కిట్.

మొదట నేల గట్టిగానే ఉంది. అలలు గీసిన గరుకు ఇసుక మీద చక్రాలు గడగడలాడుతున్నాయి. ఆ చప్పుడు ఉన్నంతసేపూ ముప్పు లేదు. నది దగ్గరపడే వేళకు సన్నగా మంచు దిగింది. చక్రాల చప్పుడు తగ్గింది. కాసేపటికి అసలు లేకుండా పోయింది.

“కిట్, వింటున్నావా?”

“ఏం వినాలి వదినా?”

“అదే. ఏమీ వినబడటం లేదు.”

కిట్ కళ్ళేలు దగ్గరికి లాక్కున్నాడు. “అన్నయ్య ముందున్నాడుగా,” అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు.

రోలండ్ వంగి కర్రతో పొడిచాడు. మళ్ళీ అదే చోట పొడిచాడు. కర్రను పైకి లాగడానికి రెండు చేతులూ వేయాల్సొచ్చింది. పొద్దున అతను పాతిన కొమ్మ పక్కకు ఒరిగి ఉంది, దాని మొదట్లో నీరు ఊరుతోంది. ఈలోపలే నది జరిగింది. రోలండ్ వెనక్కి తిరిగి చూశాడు. చూసింది పెళ్ళాం కూచున్న బండిని కాదు, కోచీ కిటికీని. జెనెట్ అతని నోటివంకే చూస్తోంది. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు అరుస్తాడు అనుకుంటోంది. అతను కళ్ళెం అదిలించి గుర్రాన్ని ముందుకే నడిపాడు.

ఆమె అరవబోయి, పిల్లను గట్టిగా పొదువుకుంది. బండి ఒక పక్కకు ఒరిగింది. ఒళ్ళోని పిల్ల ఉలిక్కిపడి కదిలింది. అప్పుడు వచ్చింది గొంతు.

“తప్పాం. బళ్ళు తిప్పండి, తప్పాం.”

గొంతు ఆడదే కావచ్చు, ఆ మాట వింటే మా తీరం బండివాడి చేతులు ఆలోచించవు. కిట్ తిప్పాడు. లోపలి నుంచి ఫెన్విక్ వద్దు వద్దంటున్నా కోచీవాడూ తిప్పాడు. కోచీ వెనక చక్రం ఒకటి ఇరుసు దాకా దిగి, గుర్రాలు పెనుగులాడాక ఎలాగో పైకొచ్చింది. రోలండ్ గుర్రం మాత్రం అప్పటికే పొట్ట దాకా కూరుకుపోయింది. తాడు విసిరి మనిషిని లాక్కున్నారు. గుర్రం దక్కలేదు. గాడి పట్టుకుని ఒడ్డుకు పోతుంటే దాని అరుపు చాలాసేపు వెనకనుంచి వినబడింది. ఆ తర్వాత పోటు హోరు వినబడింది. జెనెట్ పిల్ల చెవులు మూసి కూచుంది.

ఒడ్డెక్కాక ఫెన్విక్ టోపీ దులుపుకుంటూ రోలండ్ దగ్గరికొచ్చాడు.

“గైడుకి దారి తెలీదని, గైడు పెళ్ళామే నా అతిథి ముందు అరిచింది. ఈ వారంలో ఇల్లు ఖాళీ చెయ్యి.”

“ఆవిడ అరవబట్టే కదయ్యా ప్రాణాలు దక్కాయి,” అన్నాడు కిట్.

“దక్కాయి. రేపు లాంకాస్టరంతా తిరిగి ఈ సంగతి చెప్పేదీ ఆ దక్కిన ప్రాణాలే.”

ఇంటికొచ్చి రోలండ్ తడి బట్టలతోనే పొయ్యి ముందు కూలబడ్డాడు. పక్క గదిలో ఆలిస్ పిల్లకు పాలిస్తోంది. ఇల్లు పోయింది, గుర్రం పోయింది, పని పోయింది. మొగుడు తిడతాడని జెనెట్ అనుకుంది. తిట్లు పడటానికి సిద్ధపడే ఎదురుగా కూచుంది. ఒక రకంగా ఆమెకు తిట్లే కావాలి.

“నిన్నేం అననులే జెన్నీ,” అన్నాడతను. “మొదటిసారి పొడిచినప్పుడే నాకు తెలిసిపోయింది.”

“తెలిసే ముందుకు పోయావా?”

“ఊఁ.”

“ఇంకో నాలుగడుగులు వేసి నువ్వే అరిచేవాడివి. నేనే తొందరపడ్డాను. అంతే కదూ?”

అవునంటాడేమోనని ఆమె ప్రాణమంతా కళ్ళలో పెట్టుకుని చూసింది. రోలండ్ పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు.

“వెనక బండిలో మీరున్నారని తెలుసు. పిల్లుందనీ తెలుసు,” అన్నాడు. “అయినా అరిచేవాణ్ణి కాదు.”

“నాన్నకి పొడి బట్టలిచ్చావా అమ్మా?” అని ఆలిస్ గదిలోంచి అడిగింది.

జెనెట్ లేచి పెట్టెలోంచి చొక్కా తీసింది. చొక్కాను అతని చేతికివ్వకుండా బల్ల మీదే పెట్టి, పిల్ల ఉన్న గదిలోకి పోయి గడియ వేసుకుంది.