తిన్నగా నడవని స్ప్రేయర్

అతన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఇంజిన్ మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వింటే చాలు, లోపల ఏది అరిగిందో చెప్పేసేవాడు. నోరు కాస్త దురుసు గానీ చెయ్యి మంచిదని పేరు. ముప్పై రెండేళ్లు ఆ పేరు మీదే బతికాడు. అలాంటివాడు తన సొంత చెల్లెలి వాకిట్లో ఆ వారం రోజులు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

చెల్లెలిది పెద్ద సాగు. విత్తడం ఆమె భర్త పని, మందు కొట్టడం ఆమె పని. అతనికి ఎత్తంటే భయం. ఆ స్ప్రేయరేమో మనిషెత్తు చక్రాల మీద, పైన గాజు గదిలో కూర్చుని నడపాల్సిన యంత్రం. రెండు పక్కలా రెక్కల్లాగా పొడుగాటి గొట్టాలు చాచుకుని పైరు మీదుగా పోతుంది. పద్నాలుగేళ్లు ఆమే నడిపింది. ఈ ఏడు కుడి భుజం పట్టేసింది. జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు.

దాంతో ఆమె భర్త మూడు అట్టపెట్టెలు తెచ్చాడు. స్ప్రేయర్ తనంతట తనే స్టీరింగ్ తిప్పుకునే సరంజామా అది. ఉపగ్రహాలను చూసి దారి పట్టుకుంటుందట, మనిషి ఊరికే కూర్చుంటే చాలట.

"బావా, నువ్వు రెండు రోజుల్లో బిగించేస్తావని షాపువాడితో చెప్పేశాను," అన్నాడు.

"నన్నడక్కుండానే చెప్పావా?"

"నిన్ను అడిగితే నాలుగు రోజులంటావు కదా."

బిగించడం నిజంగానే రెండు రోజుల్లో అయిపోయింది. గది కప్పు మీద యాంటెన్నా, నూనె పైపుల మధ్య వాల్వు, ముందు చక్రం దగ్గర సెన్సరు, సీటు పక్కన పలకంత తెర. మూడోరోజు పొద్దున చెల్లెలు ఎక్కి, బటన్ నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. నడక వేగంలో బాగానే పోయింది. కాస్త వేగం పెంచగానే ముందు ఎడమకి, తర్వాత కుడికి, మళ్లీ ఎడమకి, పాములాగా మెలికలు తిరుగుతూ పోయింది. గొట్టాలు ఊయల్లా ఊగాయి.

మేస్త్రి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. ఇంజిన్ హాయిగా పాడుతోంది. జబ్బేమో అంకెల్లో ఉంది. అంకెలకు చప్పుడుండదు.

వాల్వు విప్పాడు, కడిగాడు, బిగించాడు. సెన్సరు మార్చాడు. యాంటెన్నా బెత్తెడు ముందుకు జరిపాడు. తెర మీద ఒక అంకె తగ్గిస్తే మెలికలు పెద్దవయ్యాయి, పెంచితే చిన్నవై ఎక్కువయ్యాయి. పుస్తకం తిరగేస్తే, 'మీ యంత్రం బొమ్మలో ఉన్నట్టు లేకపోతే డీలరును అడగండి' అని ఉంది. డీలరుకు ఫోన్ చేస్తే, ఆపి మళ్లీ ఆన్ చేయమన్నాడు. అప్పటికి పదకొండుసార్లు ఆపి ఆన్ చేశానని మేస్త్రి చెప్తే, "పన్నెండోసారి చూడండి సార్" అన్నాడు, నవ్వకుండా.

బావ, అదే చెల్లెలి మొగుడు, గేటు దగ్గర కుర్చీ వేసుకుని సలహాలు మొదలుపెట్టాడు. "మబ్బు పట్టింది బావా, ఉపగ్రహాలకు కనపడుతున్నామో లేదో."

"మనం కనపడుతున్నాం. నువ్వు మరీ ఎక్కువ కనపడుతున్నావు. లోపలికి పో."

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంటి నుంచి భార్య ఫోన్. రిపేరు షెడ్డు ముందు రెండు ట్రాక్టర్లు, వాటి ఆసాములు కూర్చున్నారని, తను టీలు పెట్టలేక చస్తున్నానని. ఇక్కడ చెల్లెలి పైరుకు పురుగు తగిలింది, నాలుగు రోజుల్లో మందు పడాలి. తలప్రాణం తోకకొచ్చింది అతనికి.

అయిదోరోజు రెంచి విసిరికొట్టాడు. "ఇది చెత్త. పెట్టెల్లో పెట్టి వెనక్కి పంపించేయండి."

చెల్లెలు రెంచి తీసుకొచ్చి అతని పక్కన పెట్టింది. "భుజం కూడా వెనక్కి పంపించగలిగితే బాగుండు అన్నయ్యా," అంది, అంతే.

ఏమీ తోచక, తిట్టుకుంటూనే యంత్రం కింద దూరి పడుకున్నాడు. చెల్లెల్ని పైకెక్కి ఎడమ చేత్తో స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమన్నాడు. చక్రాన్ని తిప్పే కీలు మీద చెయ్యి వేసి చూస్తే, పైన స్టీరింగ్ తిరుగుతోంది, కడ్డీ కదులుతోంది, చక్రం మాత్రం కడ్డీ వేలెడు జరిగాక గానీ కదలడం లేదు. కీలు లోపల తొడుగుల్లా ఉండే బుష్షులు అరిగిపోయాయి. కొత్తగా పనిలో చేరినవాడు సైతం మొదట చూడాల్సింది అదే. తెర ఒకటి చెప్తోంది, చక్రం ఇంకోటి చేస్తోంది, సర్దుకోలేక యంత్రం ఊగిపోతోంది.

"ఇంత లూజుంటే నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"లూజని నాకు తెలిస్తే కదా. ఎడమకి లాగి పట్టుకుంటే తిన్నగా పోయేది. అలవాటైపోయింది."

అతను కిందే పడుకుని కీలు మీద గ్రీజు తుడిచాడు. ఏటా ఆ యంత్రాన్ని చూసిందీ, ఇంజిన్ విని బాగుందని చెప్పిందీ తనే. ఎన్నేళ్ల నుంచి లాగి పట్టుకుంటోందో. డాక్టరు వయసని చెప్పాడట భుజం గురించి. అది వయసు కాదేమోనన్న మాట పైకి అనలేక, బయటికొచ్చి బావ మీద అరిచాడు, గ్రీజు డబ్బా మూత తీసి పెట్టాడని.

లేతు మిషను మీద కొత్త బుష్షులు చెక్కి బిగించేసరికి మరునాడు మధ్యాహ్నమైంది. ఈసారి బటన్ నొక్కితే స్ప్రేయర్ దారం పట్టినట్టు పోయింది. తీరా చూస్తే, చక్రాలు పైరు తొక్కుతున్నాయి. యంత్రం తిన్నగానే ఉంది, బావ విత్తిన సాళ్లే వంకర.

"ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు బావ.

"గాలికి ట్రాక్టరు కొట్టుకుపోయిందా?"

మళ్లీ పుస్తకం. చివరికి ఒక సాలు చేత్తో నడిపితే, ఆ వంకర గుర్తుపెట్టుకుని మిగతావి అలాగే పోతుందని తేలింది. చెల్లెలు పళ్లు బిగబట్టి ఆ ఒక్క సాలు నడిపింది. దిగాక భుజం పట్టుకుని నిలబడింది గానీ, స్టీరింగ్ తేలిగ్గా ఉందని చెప్పింది.

పురుగు మందు ఒక రోజు ఆలస్యంగా పడింది. చెట్ల వరస పక్కనున్న మడిలో మాత్రం ఉపగ్రహాలు అందక, యంత్రం కీచుకీచుమని అరిచి ఆగిపోతోంది. అక్కడ యాభై బారలు ఆమె చేత్తో నడపక తప్పలేదు. యాంటెన్నా ఎత్తు పెంచి చూశాడు, లాభం లేకపోయింది. చెట్లు పొరుగువాడివి.

బయల్దేరేటప్పుడు చెల్లెలు అతని వ్యాను దాకా వచ్చి, కుడి చెయ్యి కష్టంగా ఎత్తి కిటికీ అంచు మీద పెట్టింది. "చెట్ల దగ్గరిది కూడా ఏదోటి చెయ్యి అన్నయ్యా."

"చేస్తాను," అన్నాడు విసుగ్గా. "ముందు నువ్వు ఆ చెయ్యి కిందికి దించు."